ఫీడ్ ఆగిన నాలుగు రోజులు

అశోక్‌నగర్,
ఆదివారం

అక్కా,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోకు. హాస్టల్ పప్పు మాత్రం నీళ్లే. వీలైతే ఎవరితోనైనా కొంచెం కొరివికారం పంపు.

ఈ వారం ఆఫీసులో నా ప్రాణం విసిగిపోయింది. చిక్కడపల్లిలో ఉద్యోగ ప్రకటనల వెబ్‌సైటులో చేస్తున్నాను కదా. మేము పెట్టే ప్రతి ప్రకటనా ఫీడ్ ద్వారా, పరీక్షలకు చదివేవాళ్ల ఫోన్లకు దానంతటదే చేరుతుంది. సోమవారం అది ఆగిపోయింది. ఫీడ్‌లో తప్పులు పట్టే పేజీకి చూపిస్తే "మొదటి వరుసలో చెల్లని అక్షరం" అంది. మా ఫీడ్ మొత్తం ఒకటే పొడుగాటి వరుస! ఎక్కడని వెతకను? ఒక శాఖ పేరు మధ్యలో & గుర్తు ఉంటే సరిచేశాను. తేదీలన్నీ మార్చాను. మళ్లీ అవే ఎర్ర అక్షరాలు. వెనక సార్ నిలబడి, "ఏందమ్మా, ఇంకెంతసేపు? ఫోన్ల మీద ఫోన్లొస్తున్నయి" అంటారు. ఏడుపొచ్చింది.

గురువారానికి గాని నాకు ఉపాయం తట్టలేదు. ప్రకటనలను ఒక్కొక్కటే తీసేస్తూ చూశాను. పదకొండోది తీయగానే ఫీడ్ నడిచింది. అది ఒక కాలేజీ లైబ్రరీలో గుమాస్తా పోస్టు. సోమవారం నేనే పీడీఎఫ్ నుంచి కాపీ చేసి పెట్టాను. దాంతోపాటు కంటికి కనిపించని అక్షరమేదో వచ్చి కూర్చుంది. మొత్తం చేత్తో టైపు చేసి మళ్లీ పెట్టాను.

సంబరంగా హాస్టల్‌కు వచ్చాను. నా పక్క మంచం స్వరూప ఫోన్ పట్టుకుని కూర్చుంది. నాలుగేళ్లుగా ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది, పాపం. సోమవారం నుంచి జరిగిందంతా చెప్పాను.

"ఈ లైబ్రరీ పోస్టుకు గడువు నిన్ననే అయిపోయింది గదనే. నీకు సోమవారమే ఎరికేనా?"

ఫీడ్ చెబుతుందిలే అనుకుని, పక్కనే పడుకునే మనిషికి నేను చెప్పలేదక్కా.

"నీ సైట్ నమ్ముకొని ఊకున్న. దీనికి నాకు ఈసారికే వయసున్నది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

నాలుగు రోజులు ఫీడ్ ఆగిందని సైటులో రాద్దామని శుక్రవారం సార్‌ని అడిగాను. "గట్ల ఎవరన్న రాసుకుంటరా? ఇప్పుడు నడుస్తుంది గద, ఊకో" అన్నారు. నేను ఊరుకోలేదు. తప్పు మాదేనని, క్షమించమని రెండు వాక్యాలు రాసి ఫీడ్‌లో పెట్టేశాను. నిన్న చూసి మండిపడ్డారు కానీ, తీసేయలేదు.

స్వరూప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున ఫీడ్‌లో ఆ క్షమాపణ చదివి, ఫోన్ పక్కన పెట్టి అంది: "రేపటిసంది ముందుగాల నాకు నోటితోని చెప్పు. తర్వాత ఫీడ్ల పెట్టుకో."

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అత్తమ్మ దీవెనలు నాకూ, స్వరూపకూ కావాలని చెప్పు.

నీ చెల్లెలు,
శైలజ