గొడ్డలి తాత, బందరు లడ్డు

మచిలీపట్నం,
డిసెంబరు 5

బావ రాజారత్నానికి చేపల భూషణం రాసేది:

ఇందుమూలముగా గుడివాడ పుర ప్రజలకు తెలియజేయునది ఏమనగా, నేటి నుండి ఈ భూషణం దోమతెర లేకుండా నిద్రించడు. కారణం దోమలు కావు, మీ క్రిస్మస్ తాత.

మా మనవరాలు మాధవి ఫోన్లో ఇంగ్లీషు సినిమా పెట్టింది. గుమ్మానికి నక్షత్రం, బల్ల మీద కేకు, అంతా శుభంగానే ఉంది. ఇంతలో తాత వచ్చాడు. అచ్చం నీలాగే ఎర్రకోటు, దూది గడ్డం, ముసుగు. సంచిలో చెయ్యి పెడితే బొమ్మ తీస్తాడనుకున్నాను. గొడ్డలి తీశాడు! మనం పండక్కి కోడిని కోస్తాం, వీడు చుట్టాల్నే కోసేశాడు. ముసుగు మనిషి చెప్పాపెట్టకుండా ఇంట్లోకొస్తే చప్పట్లు కొడతారేంట్రా అని ఆ సినిమావాళ్ల ప్రశ్న. ఆలోచిస్తే నిజమే కదూ? అప్పట్నుంచీ ఫోను ముట్టుకోవాలంటే వణుకు. అందుకే ఉత్తరం.

ఇట్లు,
గోడవైపు తిరిగి పడుకోలేని నీ భూషణం

తా.క.: ఈసారి మా ఇంటికి ఆ వేషంలో వస్తే సంచి గేటు బయటే పెట్టు.

గుడివాడ,
డిసెంబరు 10

భూషణం బావకి ప్రభువు నామంలో వందనాలు, నా నామంలో తిట్లు.

కళ్లజోడు ఇంట్లో మరిచి, నీ ఉత్తరాన్ని కేరల్స్ ప్రాక్టీసులో మా మనవడు అరుణ్ చేత చదివించాను. పిల్లలందరి ముందూ! గొడ్డలి దగ్గరికొచ్చేసరికి వాడే ఏడ్చాడు. ఇప్పుడు నా ఎర్రకోటు చూస్తే చాలు, బల్లల కింద దూరుతున్నారు. పాస్టరు గారు "ఈ ఏడాదికి తాత వద్దులెండి" అనేశారు. మా నాన్న తర్వాత పాతికేళ్లుగా వేస్తున్న వేషం బావా! ఆ కోటు మడతపెట్టి బీరువాలో పెడుతుంటే చెయ్యి రాలేదు. దీనికి నువ్వే దారి చూడు.

రాజారత్నం

తా.క.: చర్చిలో నీ కోసం ప్రార్థన చేయించాను. నువ్వు బాగుండాలని కాదు.

మచిలీపట్నం,
డిసెంబరు 13

బావా,

కాగితం చాలక అసలు ముగింపు రాయలేదు. ఆ ఇంట్లో వంటావిడ అచ్చమ్మ మన చిలకలపూడి మనిషి. ఆవిడ గొడ్డలి తాత నోట్లో బందరు లడ్డు కుక్కింది. పాపాత్ముడికి అది గొంతు దిగదట. వాడక్కడే విరుచుకుపడ్డాడు. కాబట్టి లడ్డు తిన్నవాడే అసలు తాత! పెట్టెడు పంపుతున్నాను. పిల్లల చేతే తినిపించుకో, ముసుగు తీసి మరీ నములు.

భూషణం

తా.క.: నీ షుగరు సంగతి మీ ఆవిడ రూతు చెల్లెమ్మకి నేను గుర్తుచెయ్యను.

గుడివాడ,
డిసెంబరు 20

బావా,

నువ్వు మనిషివి కాదు, దేవుడు పంపిన దూతవి! లడ్డు మింగానో లేదో పిల్లలు నా మెడకి వేలాడారు. పాస్టరు గారు కూడా బీరువాలోంచి కోటు బయటికి తియ్యమన్నారు. ప్రతి ఇంట్లోనూ పరీక్షే, ప్రతి ఇంట్లోనూ లడ్డే.

చిక్కేమిటంటే పిల్లలు ఊళ్లో ఎవర్నీ వదలడం లేదు. కరెంటు బిల్లాయన తినేశాడు గానీ, రూతు తమ్ముడు ప్రేమ్ సాగర్ అవనిగడ్డ నుంచి ఆ పొద్దుటే పన్ను పీకించుకుని వచ్చాడు. లడ్డు వద్దన్నాడు. అంతే, "గొడ్డలి! గొడ్డలి!" అని బస్టాండు దాకా తరిమారు. భోజనం కూడా చెయ్యకుండా బస్సెక్కేశాడు. "ఆ సినిమా నాకు చూపించండి, లేదా మా తమ్ముడికి మీరే సమాధానం చెప్పండి" అంటోంది రూతు. పాస్టరు గారేమో ఆ లడ్డు సీను క్రిస్మస్ రోజు తెర మీద వేయిస్తారట. సినిమా పేరు వెంటనే రాయి.

రాజారత్నం

తా.క.: షుగరు సంగతి రూతుకి డాక్టరే చెప్పేశాడు.

మచిలీపట్నం,
డిసెంబరు 22

బావా,

తెర కట్టించకు. నాటకం అని చెప్పు. గొడ్డలి తాతగా నేనే వస్తున్నాను, అట్టముక్కతో గొడ్డలి కూడా చేశాను. లడ్డు తినలేక నేను పడతాను, తిని నువ్వు నిలబడు. పిల్లలు నన్ను తరుముకుంటారు, మీ బావమరిది బతికిపోతాడు. అతనికి ఒక పండుగప్ప చేప కూడా పంపాను, మెత్తగా ఉంటుంది, పన్నుతో పని లేదు.

ఉంటాను,
భూషణం

తా.క.: రూతు చెల్లెమ్మ పక్కన లేనప్పుడు ఇది చదువు. గొడ్డలి నిజం. ఎర్రకోటు నిజం. నేను దోమతెరలో దూరిందీ నిజం. అచ్చమ్మనీ లడ్డునీ మాత్రం చేపల బుట్ట పక్కన కూర్చుని నేనే వండాను. ఆ సినిమాలో వాడు చివరిదాకా చావనే లేదు బావా.