నేరుగా వెళ్ళే విమానం

ప్రియమైన డాక్టరమ్మకు,

నువ్వు డాక్టరువి కాదనీ, పిల్లల ఆసుపత్రిలో కాళ్ళకూ చేతులకూ వ్యాయామం చేయించేదానివనీ ఎన్నిసార్లు చెప్పినా నా నోటికి ఇదే వస్తుంది. ఫోన్ చేస్తే నీకు తెల్లవారుజాము, నాకు పనివేళ. ఇద్దరం ఆవలింతలే పంచుకుంటున్నాం. అందుకే ఉత్తరం.

కబురు మంచిది కాదు. మన ఊళ్ళ మధ్య నేరుగా నడిచే విమానాన్ని వచ్చే నెల నుంచి ఆపేస్తున్నారట. ఎనిమిది వేల కిలోమీటర్లు, పది గంటలు. ఇక్కడ ఎక్కి ఒక కునుకు తీస్తే నీ దగ్గర దిగేవాణ్ణి. ఇకమీదట రెండుచోట్ల మారాలి. గడప నుంచి గడపకు ఒకటిన్నర రోజు. దూరం అంగుళం పెరగలేదు, నువ్వు మాత్రం దూరమైపోయావు.

రోజంతా లిఫ్టులు బాగుచేసి జనాన్ని పైకీ కిందకీ పంపేవాణ్ణి, నన్ను నేను నీ దగ్గరికి పంపుకోలేకపోతున్నాను. ఏం చేద్దాం?

నీ మేస్త్రీ

*

నా మేస్త్రీగారికి,

ఏం చేద్దామంటే ఏం చెప్పను? మొన్న మీరొచ్చిన నాలుగు రోజుల్లో రెండు రోజులు నిద్రపోయారు, ఒకరోజు అలిగారు. మిగిలిన రోజు పెట్టె సర్దుకోవడానికే సరిపోయింది. నేరుగా వచ్చినప్పటి సంబడమే అది! ఇక విమానాశ్రయాల కుర్చీల్లో నడుం విరగ్గొట్టుకుని వస్తే నాకు దక్కేదేమిటి, మీ గురక తప్ప?

కోపం కాదండీ, అలసట. నిన్న ఒక పాప మొదటిసారి నాలుగడుగులు వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరికి చెప్పుకోను? ఇంటికొచ్చి నిలబడే ఇంత తిని పడుకున్నాను.

ఎవరు ఎవరి దగ్గరికి వచ్చి ఉండిపోవాలన్న మాట వచ్చినప్పుడల్లా "విమానం ఉందిగా" అని దాటవేశాం. ఇప్పుడు అదీ లేదు. మీరు రాకపోయినా ఏమీ అనుకోను.

మీ డాక్టరు కాని డాక్టరమ్మ

*

ప్రియమైన నీకు,

"రాకపోయినా ఏమీ అనుకోను." ఆ ఒక్క వాక్యమే మళ్ళీ మళ్ళీ చదివాను.

రెండుచోట్ల మారి శుక్రవారం సాయంత్రం దిగుతున్నాను. నీకొక మాట చెప్పాలి, కాగితం మీద రాసేది కాదు. విమానాశ్రయానికి రావద్దు. నేనే ఇంటికొస్తాను.

ఉంటాను.

*

నిద్రపోతున్న మా ఆయనకు,

పక్కగదిలో ఉన్న మనిషికి ఉత్తరం రాయడం నాకూ నవ్వులాటగానే ఉంది. పనికి వెళ్ళే వేళైంది, మిమ్మల్ని లేపడానికి చేతులు రాలేదు.

ఆ మాట ఏమిటో నేనే ఊహించుకుని వారమంతా గుండెల్లో రాయి మోస్తూ తిరిగాను. విడిపోదామంటారనుకున్నాను. ఏడవకుండా ఎలా వినాలో అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను కూడా. తీరా తలుపు తీస్తే, కళ్ళు పీక్కుపోయి, పాదాలు వాచి, గోడకు జారబడి మీరు. ఒక బూటు విప్పి, "తిరుగు టికెట్ తీసుకోలేదే. అక్కడ పని మానేశాను. ఈ ప్రయాణం మళ్ళీ నావల్ల కాదు" అన్నారు. రెండోది విప్పకుండానే నిద్రపోయారు. ఇంత అధ్వాన్నంగా ప్రేమ ఒలకబోసిన మొగుడు ఇంకొకడుండడు. మంచం దాకా నడిపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అలసటలో అన్న మాటకు మిమ్మల్ని కట్టిపడేయను. స్నానం చేసి, కడుపునిండా తిన్నాక మళ్ళీ అడుగుతాను. అప్పుడూ ఇదే అంటే సరే, ఇక్కడా లిఫ్టులు చెడిపోతూనే ఉంటాయి. ఈలోగా అలమరలో సగం ఖాళీ చేశాను. అది చూసి మొహమాటానికి ఒప్పుకోవద్దు.

ఫ్రిజ్‌లో కూర ఉంది, ఉప్పు తగ్గింది. లేవగానే ఫోన్ చెయ్యండి. ఆసుపత్రి నుంచి ఇంటికి బస్సులో పావుగంటే.

మీ నేను