ఇంటిపేరు డోరిలస్

బిలాస్‌పూర్,
రైల్వే కాలనీ,
21 అక్టోబరు 1991, సోమవారం.

చి.ల.సౌ. మాధవీలతకు,

అన్నయ్య గిరిబాబు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా అని రాయడం రివాజు కాబట్టి రాశాను. కలకత్తాలో నువ్వూ బావగారూ కులాసాగానే ఉన్నారని నాకు నేనే అనుకుంటున్నాను, ఎందుకంటే దసరాకి కూడా నీ దగ్గర నుంచి ఒక కార్డు ముక్క రాలేదు. మ్యూజియంలో చచ్చిన పురుగులకు చేసే పాటి పలకరింపు బతికున్న అన్నకు చెయ్యవా అని మీ వదిన అడగమంది. అడగమన్నది మీ వదినే, నేను కాదు.

ఈసారి వానలు పండగ వెళ్ళినా వదల్లేదు. వాన పడితే నా డ్యూటీ సంగతి తెలుసుగా, ప్రతి బోగీలో ఏదో ఒక ఫ్యాను మొండికేస్తుంది, లైట్లు కన్ను కొడతాయి. పక్క క్వార్టరు అప్పలస్వామి రిటైరై సిర్గిట్టిలో ఒక గోడౌనుకు కాపలా కుదిరాడు. ఇంట్లో కూర్చుంటే పెళ్ళాం పని చెబుతుందని భయమట. మీ వదిన దగ్గు తగ్గింది. పెరట్లో ఎప్పటిలాగే వేరుశనగ వేసింది, ఎప్పటిలాగే మాకంటే ముందు ఎర్ర చీమలు తినేశాయి. కాయ పైకి నిండుగా ఉంటుంది, చిదిపితే లోపల మట్టి. తిట్టుకుంటూనే మళ్ళీ ఏడాది ఆ మూలే వేస్తుంది. ఆ మడి పాప వేయించినది కదా, మార్చడానికి చెయ్యి రాదు.

పాప పట్టిన పురుగు మీద నువ్వు రాసిన వ్యాసం గోడ మీద బాగానే ఉంది. సదర్ బజార్లో ఫ్రేము కట్టించాను. కట్టేవాడు ఇది ఎవరి సర్టిఫికెట్ అని అడిగాడు. నా కూతురిది అన్నాను. అచ్ఛా, పెద్ద చదువులకు బయటికి వెళ్ళిందా అన్నాడు. అవునన్నాను. ఏం చెప్పమంటావు? మెదడుకెక్కిన జ్వరంతో తొమ్మిదేళ్ళు నిండకుండానే పోయిందని అద్దాల కొట్లో నిలబడి చెప్పలేకపోయాను.

అంచుల్లో నువ్వు తెలుగులో రాసిచ్చిన అర్థమంతా నాకు నోటికి వచ్చు. పూజ దగ్గర రెండు శ్లోకాలు తప్పుతాను గాని ఇది తప్పను. కులం దండు చీమల కులం. ఇంటిపేరు డోరిలస్. సొంతపేరు లాస్యే, అంటే లాస్యది అని. మనవాళ్ళలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం మీద రాసింది నేనే అయినా, పేరు వెతికి తెచ్చింది మేనత్తవు నువ్వే. పిల్ల పోయాక ఆ పేరు ఈ చీమకు మళ్ళీ పెట్టిందీ నువ్వే. ఒక మనిషికి రెండు బారసాలలు చేసిన మేనత్త మన వంశంలో ఇంకొకతె లేదు.

ఒళ్ళు అంగుళం పైచిలుకు. రంగు ఎండు ఖర్జూరం రంగు. వీపు మీద పొట్టి నూగు, ముట్టుకుంటే మఖమలులా. పొట్ట పొడుగ్గా, గుండ్రంగా, కొనదాకా ఒకే లావు. నడుము దగ్గర ఒకటే కణుపు. కొడవళ్ళలాంటి దవడలు. పక్కలకు రెండు పెద్ద కళ్ళు, నడినెత్తిన మూడు చుక్క కళ్ళు. పొగచూరిన రంగు రెక్కలు. కుట్టదు, ముల్లు లేదు. మగది. దొరికిన చోటు: బిలాస్‌పూర్, రైల్వే క్వార్టరు, వరండా దీపం దగ్గర. పట్టినవారు: లాస్య.

మొదటిసారి చదివినప్పుడు ఇదేదో తుమ్మెద జాతకంలా ఉంది, చీమ ఎక్కడే అని నిన్ను వేళాకోళం చేశాను. అప్పుడు నువ్వు చెప్పినది నేను మరిచిపోలేదు. పాప సంవత్సరీకానికి వచ్చి తిరిగి వెళుతూ ప్లాట్‌ఫారం మీద చెప్పావు. ఈ కులంలో మగదానికీ పనిచేసే చీమకూ పోలికే ఉండదన్నావు. పనిచేసేది ఎర్రగా, చిన్నగా, కళ్ళన్నవే లేకుండా నేల కింద ఉంటుంది. మగది రెక్కలొచ్చి దీపాలకు వస్తుంది. రెండూ ఒకే బొరియలోంచి రావడం ఎవరైనా కళ్ళారా చూస్తే తప్ప అన్నాచెల్లెళ్ళని తెలియదు. అంచేత ఒకే ఇంటి వాళ్ళకు రెండు పేర్లు పెట్టేసిన సందర్భాలున్నాయి. తెలిసిన రోజున పాత పేరు నిలుస్తుంది, కొత్త పేరు దాని కిందకు పోతుంది. మరి మన పాప పేరో అని అడిగితే నువ్వు బండి సిగ్నలు వైపు చూశావు.

నిన్న ఆదివారం, పొద్దు వాలే వేళ, వాన వెలిసింది. నేను పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాను. వేరుశనగ మడి మూల మట్టి కదిలింది. ఎర్ర చీమలు బొరియలోంచి కుప్పగా పైకొచ్చాయి. చిన్నవీ పెద్దవీ ఒక్కటిగా, పెద్దవాటికి పలకల్లాంటి తలలు. ఒక్కదానికీ కన్ను లేదు. ఏం చూసుకుని ఇంత హడావిడి అనుకున్నాను. అప్పుడు వాటి మధ్యలోంచి ఒక తల వచ్చింది. పెద్ద కళ్ళు, నడినెత్తిన మూడు చుక్కలు. తర్వాత వీపు మీది నూగు, ఖర్జూరం రంగు పొట్ట, నలిగిన రెక్కలు. ఎర్ర చీమలు దాని ఒంటినిండా పాకుతున్నాయి. కరవడానికి కాదే. పెళ్ళికొడుకుని వీధిలోకి పంపే ఆడపడుచుల్లాగ ముందుకు నెడుతున్నాయి.

నాకు తెలిసిపోయింది. నోటికొచ్చిన పాఠం కదా, ఒక్కొక్క వాక్యం నా కళ్ళ ముందు బురదలోంచి లేచి వచ్చింది. మన పాప చీమ కొత్తదేమీ కాదు. మా వేరుశనగ తినే ఎర్ర చీమకు అన్నగారు. ఆ ఎర్ర చీమకు నూరేళ్ళ కిందటే ఎవరో దొర పేరు పెట్టేశాడని నువ్వే చెప్పావు.

అది ఎగిరిపోయింది. నేను పట్టలేదు. నా చేతిలో ఏమీ లేదు. వెలుతురు కూడా సరిగ్గా లేదు, నాకు చత్వారం. చేతిలో పురుగు లేకుండా నోటిమాట మా శాస్త్రంలో చెల్లదని నువ్వు ఎన్నోసార్లు అన్నావు. కాబట్టి ఇది చెల్లదు. నీకు చెప్పకపోతే అన్నం సయించలేదు గనుక చెప్పాను, అంతే. నువ్వు దీని మీద ఏమీ రాయనక్కర లేదు. రేపు సదర్ బజార్ నుంచి చీమల మందు, గమాక్సీన్ పొడి తెచ్చి ఆ బొరియలో పోయించేస్తాను. వేరుశనగైనా దక్కుతుంది.

పిల్లను ఉంచుకోలేకపోయాను. పేరైనా ఉండనీ తల్లీ. నేను పోయాక ఎవరు పీకేసినా నాకు తెలియదు. నేనున్నంత కాలం ఆ గోడ మీద అలాగే ఉండనీ. ఇంతకంటే నిన్నేమీ అడగను.

బావగారికి నా నమస్కారాలు. నీకు దీవెనలు.

ఇట్లు,
మీ అన్నయ్య,
గిరిబాబు

తా.క. ఈ ఉత్తరం కవరులో పెట్టే ముందు మీ వదినకు చదివి వినిపించాను. అంతా విని, వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డబ్బా వెనక నేను దాచిన సీసా తెచ్చి నా ముందు పెట్టింది. నేను నీకు అబద్ధం రాశాను. అది ఎగిరిపోలేదు. నేను కొయ్యబారి నిలబడితే మీ వదినే గ్లాసు బోర్లించి పట్టింది. ఏటలాగ సూస్తన్నావు, సీసా అందుకో అని కసిరింది. మగది, దానితోపాటు ఎర్ర చీమలు చిన్నవీ పెద్దవీ, అన్నీ ఒకే సీసాలో స్పిరిటులో ఉన్నాయి.

పేరు పోతాదే అని ఏడ్చాను మాధవీ. తను ఏడవలేదు. పురుగుని పట్టిన రోజు పిల్ల ఏటి సెప్పిందో నీకు గేపకం లేదా అని అడిగింది. ఉంది. నాన్నా, ఇది ఎర్ర చీమల ఇంట్లోంచే వచ్చీసింది, సచ్చీ, నిజం అంది. దోసిట్లో పట్టుకుని పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాకు బాగా కనిపించాలని వరండా దీపం కిందకి తెచ్చింది. ఇలాంటివన్నీ దీపానికే వస్తాయి, వెళ్ళి చేతులు కడుక్కో అన్నాను. నీకు దీపం దగ్గర అని రాసి పంపింది నేనే. పిల్ల మళ్ళీ చెప్పింది. నేను మళ్ళీ నవ్వాను. మూడోసారి చెప్పలేదు.

పిల్ల అబద్దమాడినాదని నువ్వనుకున్నావు, అదలగే ఉండిపోకూడదు అంది మీ వదిన. ఆ మాట తర్వాత ఈ సీసా దాచడం నా వల్ల కాలేదు. రేపటి హౌరా బండి గార్డు త్రినాథరావు చేతికిచ్చి పంపిస్తున్నాను, స్టేషనుకు ఎవరినైనా పంపు. గమాక్సీన్ తేను. నువ్వు చెయ్యాల్సింది చెయ్యి. పాప పేరు దొరగారి పేరు కిందకు పోతే పోనీ. కాని ఈ రెండూ ఒకే ఇంటివని మొట్టమొదట చూసింది మన లాస్య అని నీ కొత్త వ్యాసంలో రాయి. వయసు ఎనిమిదేళ్ళని కూడా రాయి.