గాటు మీద జుట్టు

ఆసుపత్రి వసతి గది,
మంగళవారం, 9వ తేదీ

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాసేది. ఇక్కడ నేనూ, నీ కూతురు పిచ్చుకా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ సెలూనూ బాగున్నారని తలుస్తాను.

తల్లి లేని పిల్ల, నాలుగు రోజులు చూసిపెట్టక్కా అని వెళ్ళావు. ఏడాది కావొస్తోంది. క్యాన్సర్ మందులకీ, గదికీ, భోజనానికీ ట్రస్టు వాళ్ళు మన దగ్గర పైసా పుచ్చుకోలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళే ఇంత చేస్తుంటే, కన్నతండ్రివి గుమ్మం తొక్కవేంరా? నువ్వు లేకపోతే ఊళ్ళో గడ్డాలు పెరగడం మానేస్తాయా?

ఎందుకు రావో నాకు తెలుసులే. జుట్టు రాలడం మొదలైనప్పుడు, మా నాన్నే గుండు చెయ్యాలని పిచ్చుక పట్టుబట్టింది. ఊరందరి తలలూ గాటు పడకుండా గీసిన చెయ్యి, కూతురి తల మీద గాటు పెట్టింది. ఇంకో పిల్లకైతే దూది అద్దితే ఆగేది. ఈ మందులకి రక్తం గడ్డకట్టక, నర్సమ్మలు పరుగులు పెట్టారు. నువ్వు మెట్ల మీద కూర్చుని ఏడ్చావు. మర్నాడు పోయినవాడివి మళ్ళీ రాలేదు. డాక్టరమ్మ ఇందులో మీ తప్పేం లేదని చెబుతూనే ఉంది. నీ చెవికెక్కితేగా!

సాయంత్రమైతే మిగతా పిల్లల తండ్రులు వస్తారు. పిచ్చుక టోపీ పెట్టుకుని తలుపు వైపే చూస్తుంది. వరండాలో చెప్పుల చప్పుడైతే లేచి నిలబడుతుంది, మళ్ళీ కూర్చుంటుంది. ఎంతసేపని కబుర్లు చెప్పను? నాతో మాట్లాడే దిక్కూ లేదు. పిల్ల పడుకున్నాక గోడకేసి చూస్తూ నీతోనే దెబ్బలాడుతుంటాను. రోజూ టోపీ తీసి అద్దంలో చూసుకుని, మళ్ళీ పెట్టేసుకుంటుంది. ఆడపిల్ల కదా, మురిపెం అనుకున్నాను.

ఇంకా కొన్నాళ్ళు వైద్యం ఉందట. కంగారు పడకు. వేళకి తిను.

కోపంతోనూ, కోపం చాలకా,
మీ అక్క

తా.క.: వైద్యం ఉందట అని రాశానే, అది అబద్ధం. ఆ ముక్క పిచ్చుక రాయించింది. జబ్బు పూర్తిగా తగ్గింది, ఇంటికెళ్ళమని పోయినవారమే చెప్పారు. పిల్లే కదలనంటోంది. నువ్వు పెట్టిన గాటు మచ్చ ఇంకా కనబడుతోందట, నాకైతే కనబడదు. నాన్న చూస్తే మళ్ళీ ఏడుస్తాడు, జుట్టు దాన్ని కప్పేదాకా ఇక్కడే ఉందాం అత్తా అంది. శుక్రవారానికి ఈ గది ఇంకో బిడ్డకి ఇచ్చెయ్యాలి. ఇది దానికి తెలియకుండా రాస్తున్నాను. వచ్చేటప్పుడు కత్తెర తెచ్చుకో. చెవుల మీదికి జుట్టు పెరిగింది, నన్ను ముట్టుకోనివ్వడం లేదు.