ఈపూరు బస్సెక్కిన తెడ్డు

3 మార్చి 2025, సోమవారం. మధ్యాహ్నం మూడు

నరసరావుపేట బస్టాండులో తెడ్డుకి లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టరుకీ నాకూ పావుగంట నడిచింది. ముసలోడి చేతికర్రకి టికెట్ ఏందయ్యా అన్నాను. ఏడడుగుల చేతికర్ర నేనెక్కడా చూళ్ళేదు తాతా అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. మాది మాచర్ల, కృష్ణలో ఈతకొట్టినోణ్ణి, తెడ్డు నాకు తెలవదా, ఈపూరులో బోర్లకే దిక్కు లేదు, ఆడ పడవ దేనిమీద నడుపుతావ్ అన్నాడు. బస్సంతా నవ్వింది. కోటమ్మ కిటికీ వైపు తిరిగి, నేనెవరో తెలియనట్టు కూర్చుంది. నలభై ఎనిమిదేళ్ళ కాపురం. ఆ నటన ఆమెకి బాగా వచ్చు.

వీడూ గుర్తుపట్టాడు. సరే.

ఈపూరు దాటాక కాలనీ. కృష్ణ ఒడ్డున మా ఊరు నీలంరేవు ప్రాజెక్టు నీళ్ళలో మునిగి పదేళ్ళయింది. అప్పట్లో స్థలాలు అందని మాలాంటి వాళ్ళకి ఇప్పుడు ఇక్కడ మూడేసి సెంట్లు ఇచ్చారు. ఏప్రిల్ పది లోపు పునాది తియ్యాలి. తియ్యకపోతే స్థలం వెనక్కి. అందాకా ఉండడానికి పక్కనే ఒక రేకుల గది చూసుకున్నాం. చుట్టూ మిరప చేలు. కనుచూపు మేరలో నీళ్ళు లేవు. బిందెలో ఉన్నాయంతే.

4 మార్చి

కోటమ్మ మూటలు విప్పలేదు.

5 మార్చి, బుధవారం

పత్తి మిల్లు వాళ్ళిచ్చిన ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి నా పిచ్చి ఇందులో రాసిపెడతాను.

నేను బడికి పోయింది రెండేళ్ళే. మిగతా చదువంతా పడవలో. అవతలి గట్టు బడిలో పనిచేసే జిలానీ మాస్టారు రోజూ నా పడవెక్కేవారు. ఆయనే నాకు పేపరు చదవడం నేర్పారు, పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. ఆయనకి ఈత రాదు. ఇరవై రెండేళ్ళు రోజుకి రెండుసార్లు నది దాటారు. దాటినన్నిసార్లూ కళ్ళు మూసుకుని ఎక్కాలు అప్పజెప్పుకునేవారు. మామూలు రోజుల్లో పదమూడో ఎక్కానికి గట్టు వచ్చేది. వరదప్పుడు పంతొమ్మిది దాకా పట్టేది. ఆయన పెదాలు చూసి నేను నది వేగం చెప్పగలిగేవాణ్ణి.

నేను చెప్పదలుచుకున్నది అది కాదు. రిటైరయ్యే రోజు ఆయన నాకొక అట్ట ఊడిన గ్రీకు కథల పుస్తకం ఇచ్చారు. అందులో ఒక రాజు. పేరుకి నాకు నోరు తిరగదు. పదేళ్ళు యుద్ధం చేశాడు, ఇల్లు చేరడానికి ఇంకో పదేళ్ళు సముద్రం మీద తిరిగాడు. ఒంటికన్ను రాక్షసుడి కన్ను పొడిచాడని సముద్రదేవుడికి ఆయన మీద కోపం. చచ్చినవాళ్ళ లోకంలో ఒక గుడ్డి ముసలాయన ఆ రాజుకి ఉపాయం చెబుతాడు. భుజాన తెడ్డు పెట్టుకుని నీళ్ళకి దూరంగా నడుస్తూ పో. పడవంటే తెలియని మనుషులు తగిలేదాకా పో. ఎవరైనా నీ తెడ్డు చూసి, ఇదేమిటి, గింజలు తూర్పారబట్టే చెక్కా అని అడిగితే అక్కడ ఆగు. తెడ్డుని నేలలో పాతు. దేవుడికి మొక్కు. కోపం చల్లారుతుంది.

తర్వాత ఏమైందో నాకు తెలియదు. చివరి కాగితాలు లేవు. మాస్టారింటి మేక తినిందట.

ఊరు మునిగాక నేనూ భుజాన తెడ్డు వేసుకున్నాను. పడవ అమ్మేశాను గానీ తెడ్డు అమ్మలేదు. అచ్చంపేటలో బావమరిది వసారాలో రెండేళ్ళు. కృష్ణ ఒడ్డు కదా, పాకే పిల్లకి కూడా తెడ్డు తెలుసు. గురజాల అవతల రాళ్ళ క్వారీ కాపలాకి వెళ్ళి మూడేళ్ళు. అక్కడ లారీ డ్రైవరు గోదావరి వాడు, తెడ్డు చూడగానే హైలెస్సా అని మొదలుపెట్టాడు. నరసరావుపేట పత్తి మిల్లు గేటు దగ్గర ఐదేళ్ళు. టీవీలో వరద చూపించినప్పుడల్లా కుర్రకారు తెడ్డు పట్టుకుని సెల్ఫీలు. ఎక్కడా నాకు కాలు నిలవలేదు. కోటమ్మకి మాత్రం నీళ్ళు పడలేదనీ, ఓనరు మంచోడు కాదనీ చెబుతూ వచ్చాను.

అరవయ్యేళ్ళు దాటినవాడు ఇంటావిడని ఒక కథ పట్టుకుని పదేళ్ళు ఊళ్ళు తిప్పాడంటే, ఆమెకి తెలిస్తే ఆ తెడ్డు దేనికి వాడుతుందో నాకు తెలుసు.

9 మార్చి, ఆదివారం

కోటమ్మ అద్దె ఇళ్ళ గడపకి పసుపు రాయదు. పదేళ్ళుగా రాయలేదు. ఊడుస్తుంది, కడుగుతుంది, ముగ్గేస్తుంది. పసుపు డబ్బా మాత్రం మూట విప్పి బయటికి రాదు. ఒకళ్ళ గడప నాదెట్టా అవుద్ది అంటుంది.

ఆమె గడప నేనే ముంచాను. ఇది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ ముందు ఊడదీసింది గుమ్మాన్నే. గోడలు మట్టివి, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. గుమ్మం తాతల నాటిది. ముప్పయ్యేడు గుమ్మాలు నా పడవలోనే గట్టు దాటాయి. నిలబెట్టి కడితే, ఆ చట్రంలోంచి నది కనపడేది. ఎవరి ఇంట్లోంచో వీధిలోకి చూస్తున్నట్టు ఉండేది. నాకు ఆ నాలుగు రోజులూ భలే సరదాగా గడిచాయి. నిజం రాస్తున్నాను.

మా గుమ్మం మాత్రం తియ్యలేదు. మన అరుగు దాకా నీళ్ళు రావు, యాభై ఏళ్ళు ఈదినోణ్ణి, నేనెరగని కృష్ణా అన్నాను. పదిమందిలో, మీసం మీద చెయ్యేసి మరీ అన్నాను. కోటమ్మ రెండుసార్లు అడిగింది, పీకించవయ్యా అని. మూడోసారి అడగలేదు. వారంలో నీళ్ళు చూరు దాటాయి.

గ్రీకు రాజు కన్ను పొడిచాడు. నేను ఒక్క మాట అన్నాను. మా ఇద్దరికీ పడిన శిక్ష ఒకటే.

14 మార్చి, శుక్రవారం. సాయంత్రం

వచ్చేసింది! ఆ మాట వచ్చేసింది.

మా పక్కనే బసవమ్మ కల్లం. మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, ఎకరం మేర ఎరుపు. మనిషికి నలభై ఐదుంటాయి, గొంతు మాత్రం మైకుసెట్టు. వచ్చిన రోజే కోటమ్మని పిన్నీ అనీ నన్ను బాబాయ్ అనీ వరస కలిపేసింది. ఇవాళ కాయలు తిరగేస్తూ, గోడకి ఆనించిన తెడ్డు చూసింది. బాబాయో, అంత మంచి చెక్క మూలన పెట్టుకున్నావేంది, మిరక్కాయలు తిరగేసే చెక్క మీకెందుకు, మీకు సేద్యం లేదుగా, నాకన్నా ఇయ్యి అంది.

పదేళ్ళుగా ఎదురుచూసిన మాట. అక్కడే తెడ్డు పాతి చేతులు జోడించాలి. నేనేం చేశాను?

నాకు రోషం వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. మిరపకాయలు తిరగేసే చెక్కా! ఇది టేకు తెడ్డమ్మా, దీనితో పెళ్ళివారిని దాటించాను, కాన్పుకి నెప్పులు పడుతున్న మనిషిని వరదలో దాటించాను, మా మాస్టారిని పదమూడో ఎక్కంలో దాటించాను అని మొదలుపెట్టి గంటసేపు చెప్పాను. పడవంటే ఏంటో, రేవంటే ఏంటో, సుడి వస్తే తెడ్డు ఎట్టా తిప్పాలో కల్లంలో నిలబడి మిరపకాయల మీద చేసి చూపించాను. బసవమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని విన్నది. తుమ్ములకో నవ్వుకో తెలియదు. చివరికి, అయితే ఇది పడవ గరిటన్నమాట అంది.

తెలియని మనిషి దొరికింది. నేనే తెలిసేట్టు చేశాను. ఆ గుడ్డి ముసలాయన ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది.

15 మార్చి

తెడ్డుని ఎవరూ గుర్తుపట్టకపోతే నేను ఎవరిని?

22 మార్చి, శనివారం

సచివాలయం నుంచి ఇంజనీరింగ్ అసిస్టెంట్ కావ్య వచ్చింది. చిన్నపిల్ల, స్కూటీ, చేతిలో ట్యాబ్. కాలనీలో అందరి పునాదులూ లేచాయి తాతగారూ, మీ ఒక్కరిదే ఖాళీ, యాప్‌లో రెడ్ చూపిస్తోంది, పదో తారీఖు తర్వాత నా చేతుల్లో ఉండదు అంది. మర్యాదగానే అంది. నేను నేల స్వభావం గురించీ, నల్లరేగడి పగుళ్ళ గురించీ, మంచి ముహూర్తాల గురించీ చాలాసేపు మాట్లాడాను. అందులో సగం నాకే తెలియదు. కోటమ్మ తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నది.

పిల్ల వెళ్ళాక, ఈ ఊళ్ళో నీళ్ళు బాగానే ఉన్నయ్యి, ఓనరు కూడా మంచోడే, ఇప్పుడేం వంక చెబుతావో చెప్పు, వినిపెడతా అంది.



2 ఏప్రిల్, బుధవారం. సాయంత్రం ఆరు

నాలుగింటికి పడమర నల్లబడింది. కాలం కాని వాన. బసవమ్మ కల్లంలో ఏడాది పంటంతా పరిచి ఉంది. ఆమె గొంతు కాలనీ అంతా వినపడింది. వానకి తడిస్తే కాయ తాలు అయిపోతుంది, ఎవడూ ముట్టుకోడు. అందరూ పరిగెత్తారు. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. కోటమ్మ తెడ్డు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. పడవ మునుగుతుంటే చూస్తా కూచుంటావా, లెగు అంది.

ఆ మాటలో ఇంకేదో ఉంది. అప్పుడు ఆలోచించే టైము లేదు.

తెడ్డుతో నెట్టాను. నీళ్ళు నెట్టినట్టే. చేతులకి మరుపు లేదు, భుజం అదే తిరుగు తిరిగింది. ఒక్క తోపుకి తట్టెడు కాయలు కదిలేవి. ఎర్రటి అలలు లేపుకుంటూ కుప్ప చేశాను. బసవమ్మ, కోటమ్మ పట్టాలు కప్పారు. చివరి పట్టా మీద రాయి పెడుతుంటే చినుకులు మొదలయ్యాయి. కళ్ళు మంట, ముక్కు మంట, చేతులు మంట. బసవమ్మ నా చెయ్యి పట్టుకుని, బాబాయ్, నీ గరిట నా ఇల్లు నిలబెట్టింది అంది. ఈసారి నేను సరిదిద్దలేదు.

3 ఏప్రిల్, గురువారం. ఉదయం

కారం పోవడానికి కోటమ్మ నా చేతులకి వెన్న రాస్తోంది. అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. గ్రీకు రాజు, గుడ్డి ముసలాయన, అచ్చంపేట, గురజాల, అన్నీ. కొట్టలేదు. వెన్న రాస్తూనే ఉంది.

పదేళ్ళుగా దాచిన ఒక్క ముక్క మిగిలింది. అదీ చెప్పాను. మునిగిన పదో రోజున ఒక్కణ్ణే పడవేసుకుని మన ఇంటి మీదికి పోయాను కోటమ్మా. తేట నీళ్ళు. గుమ్మం నిలబడే ఉంది, నువ్వు పెట్టిన బొట్లు కూడా కనపడ్డాయి. తెడ్డు కిందికి దించాను. అంచు గుమ్మానికి తగిలింది. తట్టాను.

తట్టావా అంది.

మూడుసార్లు అన్నాను.

ఎవరన్నా పలికారా అంది.

నేను నవ్వానో ఏడ్చానో రాయలేను. ఆమె మాత్రం నవ్వింది. మగాడివి, ఆ మాట ఆ రోజే వచ్చి చెబితే ఈ ఊళ్ళన్నీ తిరిగే పని తప్పేదిగా అంది. నా బాధ గుమ్మం పోయినందుకు కాదయ్యా, పోయిందని నువ్వు నాతో ఒక్కసారి కూడా అనలేదు, అందుకు అంది. తర్వాత వెన్న గిన్నె మూత పెట్టి, మేస్త్రీని పిలువు అంది.

7 ఏప్రిల్, సోమవారం

పునాది తీశారు. కావ్య ఫోటో కొట్టుకుంది, యాప్‌లో గ్రీన్ వచ్చిందట. ఆ పిల్లకి కథ చెబితే, చివర ఏమైందో ఫోన్లో వెతికి చెప్పనా అంది. వద్దమ్మా అన్నాను. మేక తినింది మేకదే.

గుమ్మం వచ్చే చోట తాడు కట్టుకోవడానికి ఒక నిలువు కర్ర కావాలన్నాడు మేస్త్రీ. ఎవరూ కదలకముందే కోటమ్మ వెళ్ళి తెడ్డు తెచ్చింది. పిడి కిందికి, వెడల్పు పైకి. రెండడుగుల గుంట తీసి పాతి, చుట్టూ రాళ్ళు కూరారు. బసవమ్మ చూసి, గరిట నిలబెట్టారేందే అంది. నేను ఏ దేవుడికి మొక్కాలో తోచక ఊరికే నిలబడ్డాను.

కోటమ్మ లోపలికి వెళ్ళింది. మూట ముడి విప్పిన చప్పుడు వినపడింది. పసుపు డబ్బాతో వచ్చింది. తెడ్డుకి కింద నుంచి పైదాకా రాసింది. మూడు బొట్లు పెట్టింది.

29 ఏప్రిల్, మంగళవారం

పోస్టమ్మాయి సలోమి కొత్త అడ్రసుతో ఆధార్ కార్డులు తెచ్చింది. ఇంకా గోడలు లేవలేదు. పసుపు పూసిన కర్ర చూసి, ఇదేంది తాతా అంది.

గడప అన్నాను.

ఆ అమ్మాయి దాని పక్కన చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.