నీ విస్తట్లో అర ముద్ద

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నీకు చెప్పనేలేదు, నాకూ షుగర్ వచ్చింది.

పిండి తగ్గించి పప్పు పెంచమంది డాక్టరమ్మ. ఎలా వండుకోవాలో ఫోన్లో వెతికితే ఒకరు క్వినోవా అన్నారు, ఇంకొకరు అవకాడో అన్నారు. మన పుంగనూరు సంతలో అవి ఎవరమ్ముతారు? ఒళ్లు మండి, ఇంట్లో ఉన్నవే టైపు చేశాను: రాగిపిండి, అనపగింజలు. మదనపల్లె ఆమె ఎవరో చేసిన వీడియో వచ్చింది. నూకలు వేయని సంగటి అర ముద్ద, పక్కన అనపగింజలు నానబెట్టి తొక్క పితికి వండిన పితికిపప్పు గిన్నెడు.

అది చూశాక నాకు నీ కంచమే గుర్తొచ్చింది. రాగులు షుగర్‌కు మంచివని నీకు అందరూ చెప్పారు, ఎంత తినాలో ఒక్కరూ చెప్పలేదు. సగానికి సగం నూకలేసి కెలికి, మంచిదే కదా అని పూటకు రెండు ముద్దలు తిన్నావు.

నేను మాత్రం తూకం వేసుకునే తింటున్నాను. నీ చెల్లెలు, మా చిన్నమ్మది ఒకటే నవ్వు. "సంగటిని తూకమేసి తినేదాన్ని నిన్నే సూస్తాండా మ్మే!" నవ్వుకోనీ.

ఇందాక నీ ఫొటో ముందు విస్తట్లో చిన్నమ్మ రెండు ముద్దలు పెట్టింది. నేను తీసేశాను.

"పోయినోళ్లకు పథ్యం యాడన్నా ఉండాదా?" అని అరిచింది.

"మా ఇంట్లో ఉండాది," అన్నాను.

అర ముద్దే పెట్టి, పొద్దున్నుంచి గోళ్లు నొప్పి పుట్టేలా పితికిన పప్పు నిండుగా పోశాను. చాలలేదంటే లేచొచ్చి నన్నడుగు.