నువ్వు లేని పెన్నా తీరయాత్ర

సుమిత్రా, ఉట్టి మీద అంబలి ఉంది, తాగు. తొట్టిలోని నీళ్ళు రేపటిదాకా రావాలి కనుక గిన్నెలు బూడిదతో తోమి పొడిగుడ్డతో తుడువు. నేను పెన్నా ఒడ్డున పామిడి సంతలో జొన్నలు కొనడానికి, తిప్పేస్వామి అనుగ్రహించిన సైకిలు రథం మీద, ఒంటరిగా బయలుదేరుతున్నాను.

"సముద్రం చూపిస్తానంటిరి, పోనీ ఏరన్నా చూపీండి" అని నువ్వు అడుగుతూ వచ్చిన పెన్నా తీరయాత్ర రద్దయింది. నిన్న సైకిలు తెచ్చి ఇస్తూ తిప్పేస్వామి అన్నాడు: "ఏట్లో నీళ్ళు యాడుండాయి అయ్యవారూ? తాగేదానికే ఇసకలో చెలమలు తవ్వుకుంటాండారు." ఆ వేళ నువ్వు పక్కింటి కదిరమ్మకు మన యాత్రా వైభవాన్ని ముందుగానే వర్ణిస్తున్నావు. ఆ పురాణానికి అడ్డు తగిలే ధైర్యం ఈ పండితుడికి లేకపోయింది. కదిరమ్మ అడిగితే నువ్వు కూర్చోవలసిన క్యారియరు విరిగిందని చెప్పు. ఆ అపకీర్తి రథానికే చెందనీ. నా వెనకే బస్సెక్కి మాత్రం రావద్దు. ఆ ఇసుకను నువ్వు చూడకూడదు.

గురుమూర్తి

మరిచాను. సంత సంచి అడుగున నువ్వు దాచిన మారుచీర కనబడింది. ఏట్లో మునిగి లేవాలనుకున్నావు కాబోలు. జొన్నలకు చోటు కావాలి కనుక తీశాను. దండెం మీద వేయబోతే మడత విప్పడానికి చేతులు రాలేదు. అలాగే నీ పెట్టెలో పెట్టాను.